పంటా, సంతతీ: యుద్ధం ముందుగా మింగేవి

దివ్యఖుర్ఆన్ రెండవ సూరాలో అల్లాహ్ ఒక రకం మనిషిని మన ముందు నిలబెట్టాడు. అతని మాట వినటానికి తీయగా ఉంటుంది. తన మనసులో మంచే ఉందని చెప్పటానికి అతను అల్లాహ్‌నే సాక్షిగా పిలుస్తాడు. తీరా అటు తిరిగాడంటే, భూమిపై కల్లోలం రేపటానికీ, పంటనూ సంతతినీ నాశనం చేయటానికీ పరుగులు పెడతాడు. అల్లాహ్ కల్లోలాన్ని ఇష్టపడడన్న మాటతో ఆ ఆయతు ముగుస్తుంది (అల్ బఖర: 204, 205). ‘అటు తిరిగితే’ అన్న చోట ‘అధికారం చేతికొస్తే’ అన్న అర్థాన్ని కూడా కొందరు వ్యాఖ్యాతలు చెప్పారు. ఈ నెల పాఠానికి మేము ఆ రెండో అర్థాన్నే ఎక్కువగా మనసులో పెట్టుకున్నాం.

ఆయతులోని అరబీ పదాలు హర్స్, నస్ల్. హర్స్ అంటే సాగుచేసిన నేల, దాని మీది పైరు. నస్ల్ అంటే మనుషుల బిడ్డలు మాత్రమే కాదు, పశువుల పిల్లలు కూడా అని వ్యాఖ్యాతలు రాశారు. యుద్ధం వల్ల ఏం పోతుందని అడిగితే మనం సాధారణంగా చనిపోయిన సైనికుల లెక్క చెబుతాం. ఖుర్ఆన్ లెక్క వేరు. అది నేలనూ, ఆ నేల మీద పెరగవలసిన రేపటి తరాన్నీ ఒకే మాటలో చేర్చి చూపుతుంది.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనూ, అశోక్‌నగర్, నారాయణగూడ గదుల్లోనూ పోటీపరీక్షలకు చదివే మన పిల్లలు ‘పర్యావరణం’ అన్న పాఠ్యాంశాన్ని బాగానే వల్లెవేస్తారు. ఓజోన్ పొర, చిత్తడి నేలలు, అంతర్జాతీయ ఒప్పందాల సంవత్సరాలు అన్నీ వారికి నోటికి వచ్చు. ఈ పాఠ్యాంశానికీ తమ ఇంటి చరిత్రకూ సంబంధం ఉందని మాత్రం చాలామందికి తెలియదు. కడప, రాయచోటి, రాజంపేట, కోనసీమ, కరీంనగర్, నిజామాబాద్, మన హైదరాబాద్ పాతబస్తీ... ఈ ప్రాంతాల్లో గల్ఫ్ సంపాదనతో గోడలు లేచిన ఇళ్లు ఎన్నో! ఆ ఇళ్ల పెద్దల్ని 1990 గురించి అడిగి చూడండి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించింది. అప్పుడు అక్కడ లక్షన్నరకు మించి భారతీయులు ఉన్నారు. డ్రైవర్లు, దర్జీలు, తాపీ మేస్త్రీలు, నర్సులు, ఇళ్లలో వంటపని చేసే స్త్రీలు, దుకాణాల యజమానులు... అందరిదీ ఒక్కసారిగా ఒకటే స్థితి అయింది. విమానాశ్రయం మూతపడింది. బ్యాంకులో దాచుకున్న సొమ్ము చేతికి రాలేదు. కొన్ని వారాల్లో కువైట్ దీనారు చెల్లదని ఆక్రమణదారులు ప్రకటించారు. పదేళ్లు చెమటోడ్చి కూడబెట్టిన డబ్బు కాగితం ముక్క కావటానికి బాంబు పడనక్కరలేదు, ఒక ప్రకటన చాలు.

అప్పటి విదేశాంగ మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుసేన్‌ను కలిశారు. కువైట్ నుంచి బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్: ఇదీ చాలామంది మనవాళ్లు బస్సుల్లో పడిన దారి. సరిహద్దు దగ్గర గుడారాల్లో ఈజిప్టు, శ్రీలంక, బంగ్లాదేశ్ కూలీల పక్కనే మనవారూ నీళ్ల కోసం వరుసలు కట్టారు. అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా నడిపిన విమానాలు దాదాపు 490. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా లక్షకు పైగా జనాన్ని ఆ విమానాలు తెచ్చాయి. పౌర విమానాలు చేసిన తరలింపుల్లో అది ప్రపంచ రికార్డుగా నిలిచింది. దాని మీద సినిమాలు కూడా వచ్చాయి. వచ్చినవారు ఇంటికి చేరాక వారి అప్పులేమయ్యాయి, ఆగిన పెళ్లిళ్లేమయ్యాయి అన్న కథను ఏ సినిమా చెప్పదు.

మనవాళ్లు వచ్చేశాక ఆ నేలకు జరిగినదేమిటో ఇప్పుడు చూద్దాం.

1991 జనవరి 17న అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సేనలు వైమానిక దాడులు మొదలుపెట్టాయి. ఫిబ్రవరి 28కి యుద్ధం ముగిసింది. ఆరు వారాల పని! వెనుదిరుగుతున్న ఇరాక్ సైన్యం కువైట్ చమురు బావులకు పేలుడు పదార్థాలు పెట్టి పేల్చింది. ఆరు వందలకు పైగా బావులు అంటుకున్నాయి. రోజుకు లక్షల పీపాల చమురు గాలిలోకి పొగగా లేచింది. మధ్యాహ్నం వేళ కూడా దీపాలు వేసుకుని వాహనాలు నడపవలసి వచ్చింది. మసి కింద ఎండ నేలకు తగలక పగటి వేడి తగ్గిపోయింది. అంటుకోకుండా పొంగిన బావుల చమురు ఎడారిలో పల్లానికి పారి మడుగులు కట్టింది. అలాంటి మడుగులు సుమారు మూడు వందలు! పైనుంచి చూసిన వలస పక్షులు వాటిని నీళ్లనుకుని దిగి, రెక్కలకు జిడ్డు అంటి లేవలేక చచ్చిపోయాయి. మసీ, నూనె తుంపరలూ ఇసుకతో కలిసి కొన్ని చోట్ల నేల తారు రోడ్డులా గట్టిపడింది.

మంటలార్పటానికి అనేక దేశాల బృందాలు వచ్చాయి. హంగరీ బృందం ఒక పాత యుద్ధ ట్యాంకు మీద జెట్ విమానాల ఇంజన్లు బిగించి, వాటి గాలితో నీటిని మంటల మీదికి కొట్టింది. ట్యాంకుకు అంతకంటే మంచి ఉపయోగం మేము ఎక్కడా చదవలేదు. ఎడారిలో అన్ని నీళ్లెక్కడివి? చమురును సముద్ర తీరానికి మోసుకెళ్లే గొట్టాల్లోనే సముద్రపు నీటిని వెనక్కి పంపారు. బావి దగ్గరికి వెళ్లాలంటే ముందుగా చుట్టూ పాతిన మందుపాతరలు తీయాలి. ఏళ్లు పడుతుందనుకున్న పని సుమారు ఎనిమిది నెలల్లో పూర్తయింది. చివరి బావిని 1991 నవంబరు 6న మూశారు. పదేళ్ల తర్వాత, 2001లో, ఐక్యరాజ్య సమితి యుద్ధాల్లో పర్యావరణ విధ్వంసాన్ని అరికట్టే దినంగా ఒక తేదీని ప్రకటించింది. ఆ తేదీ కూడా నవంబరు 6. పోటీపరీక్షల పిల్లలు ఈ రెండింటినీ కలిపి గుర్తుపెట్టుకుంటే మరిచిపోరు.

సముద్రం సంగతి ఇంకా ఘోరం. అదే జనవరిలో లక్షల పీపాల చమురు గల్ఫ్ నీటిలోకి వదిలారు. అది సౌదీ తీరం వెంబడి వందల కిలోమీటర్లు పాకింది. గల్ఫ్ లోతు తక్కువ సముద్రం. హిందూ మహాసముద్రంలోకి దానికి ఇరుకైన హోర్ముజ్ ద్వారం ఒకటే దారి. కొత్త నీరు వచ్చి పాత నీరు పోవటానికి ఏళ్లు పడుతుంది. ఉప్పు బీళ్లలోనూ, మడ అడవుల వేళ్లలోనూ ఇంకిన నూనె చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయింది. ఆ తీరవాసుల్లో కోట్లమందికి తాగునీరు శుద్ధిచేసిన ఆ సముద్రపు నీరే. అక్కడ పనిచేసే మన పిల్లలు తాగేదీ అదే.

ఒక మాట. ఆ పొగ మన దేశపు వానలను ఆపేస్తుందని 1991లో పెద్ద శాస్త్రవేత్తలే హెచ్చరించారు. అలా జరగలేదు. పొగ భయపడినంత ఎత్తుకు లేవలేదు. జరిగిన కీడు చాలినంత ఉంది, జరగనిదాన్ని దానికి జోడించనక్కరలేదు. వార్త వస్తే నిజానిజాలు విచారించుకోమని సూరా అల్ హుజురాత్ ఆజ్ఞాపించింది. ఇరాక్‌పై ఆంక్షల వల్ల అయిదు లక్షల మంది పసిబిడ్డలు మరణించారన్న లెక్క కూడా అంతే. మన పత్రికల్లో, ప్రసంగాల్లో అది ఏళ్లపాటు తిరిగింది. దానికి ఆధారమైన సర్వే నమ్మదగినది కాదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మేము దాన్ని వాడం.

అలాగని ఇరాక్ ప్రజల బాధ చిన్నదా? కాదు. వైమానిక దాడుల్లో విద్యుత్ కేంద్రాలు కూలాయి. విద్యుత్ లేకపోతే నీటిని తోడే పంపులు ఆగాయి, మురుగు శుద్ధి ఆగింది, మురుగు నేరుగా నదుల్లో కలిసింది, ఆ నదుల నీరే జనం తాగారు. బాంబు ఎక్కడో విద్యుత్ కేంద్రం మీద పడుతుంది, బిడ్డ విరేచనాలతో మూడు నెలల తర్వాత ఇంట్లో చనిపోతుంది. ఆ బిడ్డ పేరు యుద్ధ మృతుల జాబితాలో ఉండదు. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమీరియా ఆశ్రయ గృహంపై అమెరికా బాంబులు పడి నాలుగు వందలకు పైగా పౌరులు, ఎక్కువగా స్త్రీలూ పిల్లలూ, మంటల్లో మాడిపోయారు. అది సైనిక కేంద్రమనుకున్నామని అమెరికా అన్నది. యురేనియం కలిసిన గుండ్లు సుమారు మూడు వందల టన్నులు ఆ యుద్ధంలో ఖర్చయ్యాయి. తర్వాతి ఏళ్లలో సద్దాం ప్రభుత్వమే తనపై తిరగబడిన దక్షిణాది ప్రజలను శిక్షించటానికి అక్కడి మహా చిత్తడి నేలలకు నీరు రాకుండా కాల్వలు మళ్లించింది. 2000 నాటికి వాటిలో పదో వంతు కూడా సరిగా మిగలలేదు. గేదెలు, చేపలు, రెల్లు ఇళ్లు అన్నీ పోయి జనం వలసపోయారు. హర్స్, నస్ల్ రెండూ ఒకే దెబ్బకు ఎలా పోతాయో చూపటానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మాకు దొరకలేదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. చమురు బావులకు నిప్పు పెట్టినది ఎవరు? ముస్లిం దేశపు సైన్యం. నష్టపోయినది ఎవరు? పొరుగునున్న ముస్లిం దేశం. ఆ రోజుల్లో మన వీధుల్లో సద్దాం బొమ్మలు అతికించినవారూ ఉన్నారు. అమెరికాను ఎదిరించాడన్న ఒక్క మాట మీద అతను చేసినదంతా మరిచిపోవటానికి చాలామంది సిద్ధపడ్డారు. అల్లాహ్ ఏం చెప్పాడు? న్యాయం కోసం సాక్ష్యం చెప్పేటప్పుడు అది మీకే వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా చెప్పమన్నాడు (అన్ నిసా: 135). ఒక జాతి మీద ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయం వైపు నెట్టకూడదన్నాడు (అల్ మాయిద: 8). ఈ రెండు ఆయతులనూ ఎదుటివారికి వినిపించటానికే మనం వాడుతున్నాం. అవి దిగినది విశ్వాసులను ఉద్దేశించి.

యుద్ధ నియమాలు మనకు కొత్త కాదు. ఒక యుద్ధంలో చనిపోయిన స్త్రీని చూసి దైవప్రవక్త (సల్లం) తప్పుపట్టారు, స్త్రీలనూ పిల్లలనూ చంపవద్దని నిషేధించారు (బుఖారీ, ముస్లిం). నిప్పుతో శిక్షించే హక్కు నిప్పును సృష్టించిన ప్రభువుకు తప్ప ఇంకెవరికీ లేదని చెప్పారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) సిరియాకు సైన్యాన్ని పంపుతూ, గుర్రమెక్కిన సేనాని యజీద్ బిన్ అబీ సుఫ్యాన్ పక్కన తాను కాలినడకన కొంతదూరం వెళ్లి పది విషయాలు చెప్పారని ఇమామ్ మాలిక్ (రహ్మలై) ముఅత్తాలో ఉంది. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దు. పండ్ల చెట్లు నరకవద్దు. జనావాసాలు పాడుచేయవద్దు. తినటానికి తప్ప గొర్రెనైనా ఒంటెనైనా కోయవద్దు. మఠాల్లో ఆరాధనకు అంకితమైనవారి జోలికి పోవద్దు. ఆ పదిలో ఒకటి తేనెటీగలను కాల్చవద్దు, చెదరగొట్టవద్దు అన్నది. కొన్ని ప్రతుల్లో తేనెటీగల చోట ఖర్జూర చెట్లు అని ఉంది. అరబీలో నహ్ల్‌కూ నఖ్ల్‌కూ తేడా ఒక్క చుక్క. ఎలా చదివినా సైనికుడి చేతిలోని కాగడాకు హద్దు గీసినట్లే.

అయితే బనూ నజీర్ ముట్టడిలో ఖర్జూర చెట్లు నరికారు కదా అని అడిగేవారు ఉంటారు. సరైన ప్రశ్నే. అప్పుడు నరికినదీ నరకక వదిలినదీ అల్లాహ్ అనుమతితోనే జరిగిందని సూరా అల్ హష్ర్ అయిదవ ఆయతు తెలిపింది. దీన్ని ఆధారం చేసుకుని ఇమామ్ షాఫయీ (రహ్మలై) వంటివారు శత్రుభూమిలో అవసరమైతే చెట్లు నరకవచ్చన్నారు. ఇమామ్ ఔజాయీ (రహ్మలై) మాత్రం అబూబక్ర్ (రజి) ఆజ్ఞనూ, తర్వాతి ముస్లింలు దాన్ని పాటించటాన్నీ చూపి ఫలవృక్షాలను నరకటం, కట్టడాలను కూల్చటం సరికాదన్నారు. మేము ఈ భేదాన్ని దాచి పాఠం చెప్పదలచుకోలేదు. కాని రెండు పక్షాల వాదనా విన్నాక ఒకటి గమనించండి. అనుమతించినవారు కూడా ముట్టడిలో శత్రువును లొంగదీసే అవసరం గురించి మాట్లాడారు. ఓడి వెనుదిరిగే సైన్యం, తనకు దక్కనిది ఎవరికీ దక్కకూడదని ఒక దేశపు గాలినీ, నీటినీ, మట్టినీ తరాలపాటు విషం చేయటాన్ని ఏ ఇమామ్ మాటతో సమర్థిస్తాం? ఒక ఖర్జూర తోట మళ్లీ నాటితే కొన్నేళ్లలో కాపుకొస్తుంది. నూనె ఇంకిన కువైట్ మట్టిని తవ్వి శుద్ధిచేసే పని ముప్పై ఏళ్లు దాటాక కూడా సాగింది.

2016లో ఇదే మళ్లీ జరిగింది. ఇస్లాం పేరు పెట్టుకున్న ఐసిస్ ముఠా ఇరాక్‌లోని ఖయ్యారా చమురు బావులకు నిప్పు పెట్టింది. నెలల తరబడి ఆ ఊరి గొర్రెలు మసితో నల్లబడి తిరిగాయి. మిష్రాఖ్ గంధకపు కర్మాగారాన్ని కూడా అదే ఏడాది అక్టోబరులో అంటించారు. ఆ విషవాయువు ఊళ్లకు ఊళ్లను ఊపిరాడకుండా చేసింది. జిహాద్ అన్న పవిత్ర పదాన్ని ఈ పనికి అంటగట్టినవారిని మనమే ముందు నిలదీయాలి.

ఇతరుల చేతుల్లో జరిగినదాన్నీ ఇదే కొలతతో కొలవాలి, తగ్గించి కాదు. 2023 జూన్ 6న ఉక్రెయిన్‌లో కఖోవ్కా ఆనకట్ట తెగి ఊళ్లూ పొలాలూ మునిగాయి. అంతకు ముందు ఏడాది అక్కడి వైద్య కళాశాలల నుంచి వందలాది తెలుగు విద్యార్థులు పుస్తకాలు వదిలి సరిహద్దులకు నడిచారు. 2024లో సహాయకుడి ఉద్యోగమన్న దళారుల మాట నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడొకడు యుద్ధరంగంలో చనిపోయాడు. గాజాలో 2024 జూన్ నాటికే కూలిన కట్టడాల శిథిలాలు సుమారు 3 కోట్ల 90 లక్షల టన్నులని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ అంచనా వేసింది. ఆ శిథిలాల్లో ఆస్‌బెస్టాస్ ధూళి ఉంది, పేలని బాంబులు ఉన్నాయి, తీయని శవాలు ఉన్నాయి. ఆలివ్ తోటలు ట్యాంకుల కింద నలిగాయి. యుద్ధాల్లో ప్రకృతికి విస్తృతమైన, దీర్ఘకాలికమైన, తీవ్రమైన హాని చేయకూడదని 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం చెబుతోంది. అమెరికా, ఇజ్రాయెల్ మాత్రమే కాదు, మన దేశం కూడా దాన్ని ఆమోదించలేదు.

ఇక నష్టానికి మూల్యం ఎవరు చెల్లించారో చూడండి. ఇరాక్ చేసిన నష్టానికి పరిహారం ఇప్పించటానికి 1991లో ఐక్యరాజ్య సమితి ఒక కమిషన్‌ను నెలకొల్పింది. సుమారు 15 లక్షల మందికీ సంస్థలకూ 5,240 కోట్ల డాలర్ల పరిహారం మంజూరైంది. అందులో పర్యావరణ నష్టానికి దక్కినది సుమారు 530 కోట్లు. ఆఖరి వాయిదా 2022 జనవరిలో చెల్లింది. ఆ సొమ్ము ఇరాక్ చమురు అమ్మకాల నుంచి కోసుకున్నారు. మొదట్లో నూటికి ముప్పై. యుద్ధం నిర్ణయించినది ఒక్కడు. చెల్లించినవారిలో యుద్ధం నాటికి పుట్టనివారు కూడా ఉన్నారు.

ఆ కమిషన్ నుంచి మన దేశపు కార్మికులకూ పరిహారం అందింది. కువైట్, ఇరాక్‌లను విడిచి రావలసి వచ్చినవారికి ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, కుటుంబమైతే 5,000. వేరే ఏ పద్దులోనూ దావా వేయబోమని రాసిస్తే 4,000, 8,000. దీనికి కావలసినదల్లా అక్కడ ఉన్నామనీ, ఆ నెలల్లో వదిలి వచ్చామనీ చూపే ఆధారం. జీతం బాకీ, సామాను నష్టం వంటివాటికి మరికొన్ని కాగితాలు. అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోమనీ, చిన్నదైనా పెద్దదైనా విసుగు చెందవద్దనీ ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు (అల్ బఖర: 282) చెబుతోంది. గల్ఫ్‌కు బిడ్డను పంపే ప్రతి ఇల్లూ పాస్‌పోర్టు, వీసా, ఇఖామా, ఉద్యోగ ఒప్పందం, జీతం రసీదుల నకళ్లు ఒక జత ఇక్కడ ఉంచుకోవాలి. అక్కడికి చేరగానే భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోమని బిడ్డకు చెప్పాలి.

ఇంకొక మాట కూడా అడిగేవారున్నారు. అలాంటి పరిహారం వచ్చేనాటికి ఆ మనిషే చనిపోయి ఉంటే? అతనికి రావలసిన సొమ్ము అతని ఆస్తితో సమానం. ముందు అతని అప్పులు తీర్చాలి, వీలునామా ఉంటే మూడో వంతుకు మించకుండా అమలు చేయాలి, మిగిలినది సూరా అన్ నిసా చెప్పిన వాటాల ప్రకారం పంచాలి. కాగితాల మీద సంతకం పెట్టింది పెద్దకొడుకు కాబట్టి సొమ్మంతా అతనిదే అనటానికి వీల్లేదు. తల్లికి ఆరో వంతు, సంతానం ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలకూ వాటా ఉంది. వాటా లెక్కల్లో సందేహముంటే దగ్గరి ముఫ్తీగారి వద్దకు వారసులందరి పేర్లూ రాసుకుని వెళ్లండి, ఆడబిడ్డల పేర్లు ముందుగా.